పాలు మానిన గొర్రెపిల్లకు టి-3 ఎందుకు తగ్గుతుంది?

జీవాల పెంపకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో మూడు వేర్వేరు జిల్లాల నుంచి వచ్చినా, మూడింటిలోనూ అడిగింది దాదాపు ఒకే సంగతి. తల్లిపాలు మాన్పించిన తరువాత గొర్రెపిల్లలు ఎందుకు మందగిస్తాయి, ఆ మందగింపుకూ మెడలోని థైరాయిడ్ గ్రంథికీ ఏమిటి సంబంధం అన్నదే ఆ సంగతి. అందువల్ల మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి ఈ మూడింటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న (అనంతపురం జిల్లా నుంచి ఒక పెంపకందారు): డాక్టరు గారికి నమస్కారాలు. నాకు 60 నెల్లూరు జోడిపి గొర్రెలున్నాయి. ఈ ఈతలో పుట్టిన పిల్లల్లో 22 పిల్లలను, వాటికి 75 రోజులు నిండాక, ఒకే రోజున తల్లుల నుంచి వేరు చేసి కొత్త షెడ్డులోకి మార్చాను. పనిలో పనిగా అదే రోజున నట్టల మందు తాగించి, చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టే జబ్బు) టీకా కూడా వేయించాను. రెండు రాత్రులు అవి అరుస్తూనే ఉన్నాయి. వారం తరువాత తూచి చూస్తే చాలా పిల్లలు బరువు పెరగలేదు. నాలుగైదు పిల్లలు అర కిలో దాకా తగ్గాయి. ఒకరి సలహా మీద మూడు పిల్లల రక్తం తీయించి పట్టణంలో పరీక్షకు ఇస్తే, టి-3 అనే థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉందని కాగితం వచ్చింది. మనుషులు వేసుకునే థైరాక్సిన్ మాత్రలను పొడి చేసి దాణాలో కలపవచ్చునా?

జవాబు: కలపకండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ పిల్లల థైరాయిడ్ గ్రంథికి జబ్బేమీ చేసినట్టు లేదు. తిండి తగ్గిన రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న శరీరం చేసే పనినే వాటి శరీరం చేస్తోంది.

ముందుగా మీ చేతిలోని ఆ కాగితం సంగతి చూద్దాం. పట్టణాల్లోని ల్యాబులు ఫలితం పక్కన ముద్రించే పరిమితులు మనుషులవి. గొర్రెపిల్ల రక్తంలోని అంకెను వాటి పక్కన పెట్టి ఎక్కువ అన్నా తక్కువ అన్నా ఆ మాటకు విలువ లేదు. పైగా గొర్రెపిల్లల్లో ఈ హార్మోన్ల మట్టం పుట్టిన తొలి రోజుల్లో చాలా ఎక్కువగా ఉండి, ఆ తరువాత వారాల తరబడి దిగుతూ వచ్చి, క్రమంగా పెద్ద గొర్రెల మట్టానికి చేరుతుంది. కాబట్టి 80 రోజుల పిల్లలో టి-3 పది రోజుల పిల్లలో కన్నా తక్కువగా ఉండటం, అది ఇంకా తల్లి పాలు తాగుతున్నా సరే, వింతేమీ కాదు. మీ పిల్లల అంకెను పోల్చవలసింది అదే వయసులో ఇంకా తల్లుల దగ్గరే ఉన్న పిల్లలతోనో, లేదా అవే పిల్లల్లో వేరు చేయడానికి ముందు తీసిన రక్తంతోనో. ఆ రెండూ మీ దగ్గర లేవు.

అయినా, మీ పిల్లల్లో టి-3 నిజంగానే తగ్గి ఉంటుందని నేను నమ్ముతున్నాను. ఎందుకో చెప్పాలంటే ఆ గ్రంథి పని చేసే తీరు కొంత తెలియాలి. స్వరపేటికకు కాస్త దిగువన, శ్వాసనాళానికి రెండు పక్కలా అంటుకుని ఉండే రెండు ముదురు ఎరుపు తమ్మెలే థైరాయిడ్. ఆరోగ్యంగా ఉన్న పిల్ల మెడను వేళ్లతో తడిమితే అవి చేతికి తగలను కూడా తగలవు. ఈ గ్రంథి ఎక్కువగా తయారు చేసేది టి-4, అంటే థైరాక్సిన్. దానిలో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. అయితే కణాల్లో అసలు పని చేసేది టి-4 కాదు, టి-3. టి-4లోని ఒక అయోడిన్ పరమాణువును తీసివేసి దాన్ని టి-3గా మార్చే పని చాలావరకు గ్రంథికి బయట, ముఖ్యంగా కాలేయంలోనూ మూత్రపిండాల్లోనూ జరుగుతుంది. ఆ మార్పు చేసే ఎంజైముకు సెలీనియం అవసరం. అదే అయోడిన్‌ను వేరొక చోటు నుంచి తీసివేస్తే వచ్చేది రివర్స్ టి-3. దానికి కణాలను ఉత్తేజపరిచే శక్తి దాదాపు లేదు. అంటే రక్తంలో టి-4 ఉన్నంత మాత్రాన సరిపోదు. దాన్ని టి-3గా మార్చాలా, పనికిరాని రివర్స్ టి-3గా మార్చాలా అన్నది ఆ రోజు కడుపులో పడిన తిండిని బట్టి, రక్తంలో ఉన్న ఇతర హార్మోన్లను బట్టి నిర్ణయమవుతుంది.

టి-3 ఎక్కువగా ఉన్నప్పుడు కణాలు ఎక్కువ ప్రాణవాయువు వాడుకుంటాయి, ఒంట్లో వేడి పుడుతుంది, కండలూ ఎముకలూ పెరగడానికి గ్రోత్ హార్మోన్‌కు తోడు దొరుకుతుంది. ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులు. రెండు రోజులు సరిగా తినని పిల్ల ఆ ఖర్చును అలాగే కొనసాగిస్తే, దాన్ని తన ఒంటి కొవ్వు నుంచీ కండ నుంచీ భరించవలసి వస్తుంది. అందుకే తిండి తగ్గగానే కాలేయం టి-3 తయారీని తగ్గించి రివర్స్ టి-3 వైపు మొగ్గుతుంది. ఈ తగ్గుదల ముందుగా టి-3లో కనిపిస్తుంది. టి-4 రక్తంలోని ప్రొటీన్లకు గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది కనుక అంత త్వరగా కదలదు. ఉపవాసమున్న మనిషిలోనూ ఇదే జరుగుతుంది.

పాలు మాన్పించిన రోజున పిల్లకు ఒకేసారి ఎన్ని పోతాయో చూడండి. కొవ్వు, లాక్టోజు, మాంసకృత్తులు కలిసి సిద్ధంగా దొరికే పాలు పోతాయి. తల్లి మేతలోని అయోడిన్‌లో కొంత పొదుగు ద్వారా పాలలోకి వస్తుంది. ఆ దారి కూడా మూసుకుపోతుంది. పాలు తాగే పిల్లలో పాలు మొదటి పొట్టను దాటుకుని నేరుగా నాలుగో పొట్టలో పడతాయి. మొదటి పొట్ట, అంటే రుమెన్, ఎదగాలంటే పిల్ల దాణా, ఆకు కొరికి నమలాలి, అక్కడ సూక్ష్మజీవులు చేరి వాటిని పులియబెట్టాలి, ఆ పులియడంలో పుట్టే ఆమ్లాలు, ముఖ్యంగా బ్యుటిరిక్ ఆమ్లం, పొట్ట లోపలి గోడ మీద నూగులాంటి పెరుగుదలకు దారి తీయాలి. ముందు నుంచీ దాణా అలవాటు లేని పిల్లను ఒక్కరోజులో పాల నుంచి దూరం చేస్తే, పాలూ లేక, మేతను అరిగించుకునే పొట్టా సిద్ధంగా లేక, ఆ మధ్యలో చిక్కుకుంటుంది. నెమరు వేయడం వచ్చినంత మాత్రాన రుమెన్ సిద్ధమైనట్టు కాదని మన పెంపకందారులు గుర్తుంచుకోవాలి. రెండు మూడు వారాల పిల్ల కూడా నెమరు వేస్తుంది.

దీనికి తోడు కార్టిసాల్. తల్లి కోసం రెండు రాత్రులు అరిచిన పిల్ల రక్తంలో ఈ ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. అది ఒక వైపు మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ నుంచి థైరాయిడ్‌ను ప్రేరేపించే టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తుంది, మరోవైపు టి-4 టి-3గా మారడాన్ని అడ్డుకుంటుంది. మీరు వేరు చేయడం, షెడ్డు మార్చడం, నట్టల మందు, టీకా నాలుగూ ఒకే రోజున చేశారు. వీటిలో ఏ ఒక్కటీ తప్పు కాదు. నాలుగూ కలిసి రావడమే వాటికి భారమైంది. చిటుక రోగం టీకా పాలు మాన్పించడానికి ముందే పూర్తయి ఉండాలి, ఎందుకంటే కొత్తగా దాణా ఎక్కువ తినే రోజుల్లోనే ఆ రోగం భయం ఎక్కువ.

ఇక మాత్రల సంగతి. తిండి చాలక ఖర్చు తగ్గించుకున్న శరీరానికి బయటి నుంచి థైరాక్సిన్ పోస్తే అది మళ్లీ ఖర్చు పెంచుకుంటుంది. తిండి మాత్రం పెరగదు. ఫలితంగా గుండె వేగం పెరుగుతుంది, కండ కరుగుతుంది, మీరు నిలబెట్టాలనుకున్న బరువే ఇంకా తగ్గుతుంది. మాంసానికి అమ్మే జీవానికి హార్మోను మాత్రలు పెట్టడం కొనేవారి పట్ల కూడా న్యాయం కాదు.

ఇప్పుడు చేయవలసింది తొట్టి దగ్గరే. రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా తాజా దాణా వేయండి. పాతది తొట్టిలో మిగిలితే తీసివేయండి. మొక్కజొన్న, వేరుశనగ చెక్క, తవుడు, ఖనిజ మిశ్రమం, ఉప్పు ఉన్న మామూలు పిల్లల దాణా చాలు. దాణా అలవాటైన ఒకటి రెండు పెద్ద పిల్లలను వీటితో కలిపి వదలండి. తొట్టిలో మూతి పెట్టడం పిల్లలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయి. పది రోజుల్లో తిండి కుదుటపడితే టి-3 తనంతట తానే పెరుగుతుంది. దాన్ని చూడటానికి మళ్లీ రక్తం తీయనక్కర లేదు, త్రాసు చాలు. సుమారు 3 కిలోలతో పుట్టిన నెల్లూరు పిల్ల మూడు నెలలకు 12 నుంచి 15 కిలోలకు రావాలి. అంతకు బాగా దిగువన ఉండిపోయిన పిల్లను మాత్రం పశువైద్యునికి చూపించండి.

వచ్చే ఈతకు ఒక మాట. మందను మేపుకు తోలే చోట చిన్న పిల్లలను పగలు దొడ్డిలోనే ఉంచి, ఉదయం ఒకసారి, సాయంత్రం మంద తిరిగి వచ్చాక ఒకసారి తల్లులకు వదలడం మన కాపరులకు పాత అలవాటు. తెలిసి చేసినా తెలియక చేసినా, పాలు మాన్పించడానికి ఇంతకన్నా మంచి సన్నాహం లేదు. ఆ పగటి వేళల్లో, రెండో వారం నుంచే, తల్లులు దూరలేని గడి ఒకటి కట్టి దానిలో గుప్పెడు దాణా, వేలాడదీసిన అవిసె కొమ్మ ఉంచితే, మొదట మూతితో నెట్టి, చిమ్మి, చివరికి తినడం మొదలుపెడతాయి. పిల్ల రోజుకు 200 గ్రాములకు పైగా దాణా తింటున్నప్పుడు సాయంత్రం పాలు మాత్రమే వారం రోజులు ఇచ్చి, ఆ తరువాత ఆపండి. ఆపిన రోజున తల్లులను తీసుకుపోయి పిల్లలను తెలిసిన దొడ్డిలోనే ఉంచండి. మీరు దీనికి విరుద్ధంగా చేశారు.

ప్రశ్న (పశువైద్య కళాశాల విద్యార్థిని, హైదరాబాద్): చిన్న ప్రాజెక్టు కోసం 12 దక్కనీ జాతి గొర్రెపిల్లల నుంచి పాలు మాన్పించే ముందు రోజు, ఆ తరువాత 14వ రోజు రక్తం తీసి టి-3, టి-4 చూశాను. టి-3 తగ్గింది. పాలు మాన్పించడం వల్ల తగ్గిందని రాయవచ్చునా?

జవాబు: ఇంత వరకే చేసి ఆపితే రాయకూడదు. మీ రెండు నమూనాల మధ్య పిల్లకు 15 రోజుల వయసు కూడా పెరిగింది. పాలు మాన్పించకపోయినా వయసుతో వచ్చే దిగుదల ఎంతో కొంత ఉండేది. పైగా మీ నమూనాలు ఏ నెలలో తీశారో రాయలేదు. ఎండ ముదిరే కొద్దీ గొర్రెల్లో థైరాయిడ్ పని తగ్గుతుంది, చలిలో పెరుగుతుంది. నవంబరు, జనవరి మధ్య పుట్టిన పిల్లలకు పాలు మాన్పించే సమయం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పడుతుంది కనుక, మన ప్రాంతంలో ఎండా పాలు మాన్పించడమూ తరచూ కలిసే వస్తాయి. ఒకదాని ఖాతాలో ఇంకొకదాని ఫలితం జమ అయ్యే ప్రమాదం ఇక్కడ ఎక్కువ.

మళ్లీ చేసే వీలుంటే కవల పిల్లలను వెతకండి. ప్రతి జతలో ఒకదాన్ని వేరు చేసి, రెండోదాన్ని తల్లితో ఉంచి, ఇద్దరికీ ఒకే రోజున, ఒకే వేళకు, ఉదయం మేతకు ముందు రక్తం తీయండి. వేరు చేయడానికి ముందు రెండు సార్లు, తరువాత 1, 3, 7, 14, 28 రోజులకు తీస్తే టి-3 పడి లేచే వంపు కనిపిస్తుంది. 14వ రోజు ఒక్కటే చూస్తే, మూడో రోజున బాగా పడి ఆ తరువాత లేచిన టి-3 మీ కంటికి చిక్కదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి పిల్ల ఎంత తిన్నదో తూచండి. వేరు చేసిన పిల్లల్లో కొన్నింటికి మూడో వారం నుంచి దాణా అలవాటు చేసి, కొన్నింటికి చేయకుండా పోల్చగలిగితే, తల్లి లేకపోవడం వల్ల ఎంత, తిండి తగ్గడం వల్ల ఎంత అన్నది కొంతైనా విడదీయగలరు. తిండి వాటానే పెద్దదిగా తేలుతుందని నా అంచనా.

హార్మోన్లను కొలిచే పరీక్ష కిట్ల విషయంలో ఒక జాగ్రత్త. టి-3, టి-4 అణువుల నిర్మాణం మనిషిలోనూ గొర్రెలోనూ ఒకటే కాబట్టి, మనుషుల కిట్లను గొర్రె సీరంతో సరిచూసుకున్న తరువాత వాడుకోవచ్చు. టీఎస్‌హెచ్ అలా కాదు; అది జాతిని బట్టి మారే ప్రొటీన్ కనుక మనుషుల టీఎస్‌హెచ్ కిట్ ఇచ్చే అంకెను గొర్రెలో నమ్మలేము.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే విద్యార్థులు పాఠ్యపుస్తకంలో దీన్ని రెండు వేర్వేరు అధ్యాయాల్లో చదివి కలిపి చూడరు. ఈనే ముందు చివరి రోజుల్లో గర్భంలోని పిల్లలో కార్టిసాల్ పెరుగుతుంది. అక్కడ అది టి-4 నుంచి టి-3 తయారీని పెంచుతుంది. ఆ టి-3 బలంతోనే, చలిగాలిలో తడి ఒంటితో నేల మీద పడిన పిల్ల తన మూత్రపిండాల చుట్టూ ఉన్న గోధుమ కొవ్వును కరిగించుకుని వేడి పుట్టించుకుంటుంది. అదే కార్టిసాల్ మూడు నెలల తరువాత, పాలు మాన్పించిన రాత్రి, టి-3ని కిందికి లాగుతుంది. హార్మోన్ మారలేదు, దాన్ని అందుకునే కాలేయం వయసు మారింది. మీ నివేదికలో చర్చ రాసేటప్పుడు 'ఒత్తిడి వల్ల టి-3 తగ్గుతుంది' అని ఒక్క ముక్కలో రాసి వదలకుండా, ఏ వయసులో అన్నది కూడా చేర్చండి.

ప్రశ్న (ప్రకాశం జిల్లా నుంచి ఒక గృహిణి): మా పొలం గట్ల మీద సుబాబుల్ విస్తారంగా ఉంది. పాలు మాన్పించిన తొమ్మిది పిల్లలకు నెల రోజులుగా ఆ ఆకే ఎక్కువగా వేస్తున్నాము. రెండింటికి తోక దగ్గర, వీపు మీద వెంట్రుకలు రాలుతున్నాయి, ఒకదానికి గొంతు దగ్గర వాపు వచ్చింది. థైరాయిడ్ అంటున్నారు. అయోడిన్ ఉప్పు పెడితే పోతుందా అండీ?

జవాబు: అమ్మా, ముందు ఆ వాపు ఎక్కడ ఉందో చేత్తో చూడండి. దవడ ఎముకల మధ్య, గడ్డం కింద మెత్తగా వేలాడుతూ, బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడి, సాయంత్రం మేపు నుంచి వచ్చినప్పుడు ఎక్కువగా, తెల్లవారేసరికి తక్కువగా కనిపిస్తే అది థైరాయిడ్ కాదు, నీరు. నాలుగో పొట్టలో రక్తం పీల్చే నట్టల వల్ల ఒంట్లో మాంసకృత్తులు తగ్గి అలా నీరు దిగుతుంది. కింది కనురెప్పను లాగి చూస్తే లోపల పాలిపోయి ఉంటుంది. థైరాయిడ్ వాపు అంతకన్నా దిగువన, శ్వాసనాళానికి రెండు పక్కలా, గట్టిగా, నొక్కినా గుంట పడకుండా, పొద్దున్నా సాయంత్రం ఒకేలా ఉంటుంది. మూడో రకం కూడా ఒకటుంది: బాగా పాలు తాగి ఏపుగా పెరిగే పిల్లల్లో, ముఖ్యంగా మేకపిల్లల్లో, గొంతు పైభాగాన మెత్తని ఉబ్బు వస్తుంది. అది థైమస్ అనే వేరే గ్రంథి. పాలు మానిన కొన్నాళ్లకు దానంతట అదే పోతుంది.

వెంట్రుకలు రాలడం మాత్రం సుబాబుల్ వైపే వేలు చూపుతోంది. ఆ ఆకులో మైమోసిన్ అనే పదార్థం ఉంది. అది వెంట్రుకల కుదుళ్ల పెరుగుదలను ఆపుతుంది. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు కత్తెర లేకుండా గొర్రెల ఉన్ని రాల్చడానికి దాన్ని ప్రయోగాత్మకంగా వాడి చూశారంటే దాని బలం ఎంతో మీరే ఊహించుకోవచ్చు. నమిలినప్పుడూ రుమెన్‌లోనూ మైమోసిన్ డీహెచ్‌పీ అనే మరో పదార్థంగా మారుతుంది. థైరాయిడ్‌ను దెబ్బ తీసేది ఇది. హవాయి దీవుల్లో మేకలు సుబాబుల్ తిని హాయిగా ఉండటం గమనించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్, వాటి రుమెన్‌లో డీహెచ్‌పీని విరగ్గొట్టే బాక్టీరియా ఉందని గ్రహించి, 1980ల తొలి రోజుల్లో దాన్ని తన దేశపు పశువులకు ఎక్కించారు. ఆ బాక్టీరియాకు తరువాత ఆయన పేరే పెట్టారు. పెద్ద గొర్రెల పొట్టలో ఇలాంటి సహాయకులు కుదురుకుని ఉండవచ్చు. ఇప్పుడే పాలు మాని, రుమెన్ ఇంకా కుదుటపడని పిల్లల్లో ఆ ఆశ పెట్టుకోకూడదు. అందులోనూ, పై జవాబుల్లో చెప్పినట్టు, టి-3 ఎలాగూ తగ్గి ఉండే రోజులివి.

అయోడిన్ ఉప్పు గురించి. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి 1956 నుంచి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో చేసిన అధ్యయనంలో, అయోడిన్ కలిపిన ఉప్పు మనుషుల్లో గొంతు వాపును ఎంతగా తగ్గిస్తుందో నిరూపించారు. అయితే అక్కడి లోపం నేలలోనూ తిండిలోనూ అయోడిన్ లేకపోవడం. మీ పిల్లల్లో డీహెచ్‌పీ చేసే పని వేరు. అది గ్రంథి లోపల అయోడిన్‌ను హార్మోన్‌గా కూర్చే పనినే అడ్డుకుంటుంది కనుక, ఉప్పు పెంచినంత మాత్రాన పోదు. ఉప్పు మానమని కాదు, దాని కొలత తెలుసుకోండి. గొర్రె మేతలో కిలో పొడి పదార్థానికి 0.1 నుంచి 0.8 మిల్లీగ్రాముల అయోడిన్ అవసరమని లెక్క. 600 గ్రాముల పొడి పదార్థం తినే పిల్లకు అది 60 నుంచి 480 మైక్రోగ్రాములు. మన దేశంలో వంటింటి ఉప్పులో కొనేవారి చేతికి వచ్చేసరికి కనీసం 15 పీపీఎం (గ్రాముకు 15 మైక్రోగ్రాములు) అయోడిన్ ఉండాలి; అంటే దాణాలో కలిపిన 3 గ్రాముల ఉప్పు 45 మైక్రోగ్రాములే ఇస్తుంది. మిగతాది మేత నుంచీ ఖనిజ మిశ్రమం నుంచీ రావాలి.

కాబట్టి ఈ రోజే సుబాబుల్ పూర్తిగా ఆపండి. నెల రోజుల పాటు దశరథ గడ్డి, పిల్లిపెసర, అవిసె, వీటిలో ఏది దొరికితే అది వేయండి. లేత జొన్న వద్దు, దానిలో వేరే విషం ఉంటుంది. ఆ తరువాత సుబాబుల్ మళ్లీ మొదలుపెట్టినా మొత్తం మేతలో మూడో వంతుకు మించనివ్వకండి. కోసిన ఆకును ఎండబెట్టి వేస్తే మైమోసిన్ కొంత తగ్గుతుంది. వాపు వచ్చిన పిల్ల పేడను పశువైద్యశాలలో నట్టల గుడ్ల కోసం పరీక్ష చేయించండి. దాని మెడ చుట్టూ ఒక దారం వేసి కొలిచి, ఆ కొలత దగ్గర దారానికి ముడి వేసి దొడ్డి గుంజకు కట్టి ఉంచండి. వారానికోసారి, ఉదయం మేపుకు వదిలే ముందు, అదే దారంతో మళ్లీ కొలవండి. సుబాబుల్ ఆపిన నెలకు కూడా కొలత ఆ ముడి కన్నా తగ్గకపోతే నాకు మళ్లీ రాయండి.